సేవ గురించి స్టేజీ మీద చెబితే పిల్లలు మారతారా?

డెల్టా_మాస్టారు:
డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మూడేళ్లుగా ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యత కూడా నా మెడకే చుట్టారు. ఇప్పుడు సమస్య ఏంటంటే, వచ్చే నెల విజయవాడలో ఒక సభ ఉంది. సేవా సంస్థో, సామాజిక వ్యాపారమో పెట్టి పైకొచ్చిన పాతికేళ్ల కుర్రాళ్లు, అమ్మాయిలు వచ్చి విద్యార్థులకి తమ కథలు చెబుతారట. మనిషికి 300 టికెట్టు, బస్సుకి 14 వేలు. "యాభై మందిని తీసుకెళ్లండి, పిల్లలకి ఇన్‌స్పిరేషన్ ఉంటుంది" అన్నారు ప్రిన్సిపల్‌గారు. మొత్తం 29 వేలు. మాలాంటి కాలేజీకి అది చిన్న డబ్బు కాదు.

నిరుడు ఇలాంటి దానికే తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణంలో బస్సంతా ఒకటే గోల. మంగళగిరి దాటేసరికి ముగ్గురు ఎన్జీవోలు పెట్టేశారు, ఒకడు లోగో కూడా గీసేశాడు. తర్వాతి ఆదివారం హైస్కూలు ఆవరణలో పిచ్చిమొక్కలు పీకడానికి ఎంతమంది వచ్చారో తెలుసా? ఆరుగురు. ఆ ఆరుగురూ సభకి వెళ్లకముందు కూడా వచ్చేవాళ్లే.

అందుకే అడుగుతున్నా. ఈ స్ఫూర్తి సభల వల్ల పిల్లలకి నిజంగా ఏమైనా ఒరుగుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నీతులు నాకు వచ్చు, అవి వద్దు.

మాదాపూర్_కుర్రాడు:
ఒరుగుతుంది మాస్టారూ. నన్నే తీసుకోండి. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో శ్రీకాంత్ బొల్లా గురించి విన్నాను. మచిలీపట్నం దగ్గర సీతారామపురం. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినా ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. ఇక్కడ ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోకపోతే అమెరికాలో ఎంఐటీలో చదివాడు. తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ పెట్టాడు. వక్క మట్టలతో ప్లేట్లు, ప్యాకింగ్ సామాను తయారీ. పని చేసేవాళ్లలో చాలామంది వికలాంగులు. రతన్ టాటా పెట్టుబడి పెట్టారు.

ఇది తెలిసేవరకు "సేవ" అంటే నా బుర్రలో ఒకటే బొమ్మ. దసరాకి అనాథాశ్రమానికి వెళ్లి అరటిపళ్లు పంచి ఫొటో దిగడం. జాలి పడకుండా జీతం ఇవ్వడం కూడా సేవేనని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చేసేది సంకేత భాష వాడే బధిరుల కోసం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పని, ఇద్దరు స్నేహితులతో కలిసి. ఇంకా లాభం లేదు, టెన్షన్ మాత్రం బోలెడు. కానీ ఆ విత్తనం పడింది ఒక కథ వల్లే కదా. మీ ఆరుగురి సంగతి సరే, మిగతావాళ్లలో ఐదేళ్ల తర్వాత ఎవరు ఏం చేస్తారో మీకెలా తెలుస్తుంది?

పాత_వాలంటీర్:
ఐదేళ్ల తర్వాత సంగతి దేవుడెరుగు. ఆ రోజు రాత్రికి స్టేటస్ మాత్రం గ్యారంటీ.

మిసిసాగా_అమ్మ:
మాస్టారూ, మీ బస్సు కథ చదివి నవ్వొచ్చింది. కాస్త పెద్ద మెసేజ్ పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. మేముండేది కెనడాలో, ఒంటారియోలో. ఇక్కడ హైస్కూలు పూర్తి కావాలంటే పిల్లలు 40 గంటలు సేవ చేసినట్టు కాగితం చూపించాలి. 1999 నుంచి ఉన్న నియమం.

స్ఫూర్తి సభలు ఎంత పెద్దవి కాగలవో, ఎలా కూలిపోగలవో మేం ఇక్కడ కళ్లారా చూశాం. 1995 ఏప్రిల్‌లో పాకిస్థాన్‌లో ఇక్బాల్ మసీహ్ అనే పిల్లాణ్ని కాల్చి చంపారు. నాలుగేళ్ల వయసు నుంచి తివాచీ మగ్గం దగ్గర వెట్టి చేసి, బయటపడి, దాని మీద మాట్లాడిన పిల్లాడు. టొరంటో పక్కన థార్న్‌హిల్‌లో క్రేగ్ కీల్‌బర్గర్ అనే పన్నెండేళ్ల అబ్బాయి పొద్దున్నే పేపర్లో కార్టూన్ల కోసం వెతుకుతూ ఈ వార్త చూశాడు. ఆ ముక్క కత్తిరించి బడికి పట్టుకెళ్లి, క్లాసు ముందు నిలబడి "నాతో ఎవరొస్తారు" అని అడిగాడు. పదకొండు చేతులు లేచాయి. అలా మొదలైంది "ఫ్రీ ద చిల్డ్రన్".

తర్వాత అన్న మార్క్ కూడా కలిశాడు. సంస్థ పెరిగింది, పక్కనే లాభంతో నడిచే "మీ టు వీ" కంపెనీ పెట్టారు. 2007 నుంచి "వీ డే" అని స్టేడియాల్లో సభలు పెట్టేవారు. పాటలు, సినిమా వాళ్లు, కేకలు పెట్టే వేలాది పిల్లలు. టికెట్టు డబ్బుకి అమ్మేవారు కాదు. ఊళ్లో ఒక సేవ, బయటి దేశం కోసం ఒక సేవ చేసిన బడికే ఇచ్చేవారు. మా అమ్మాయి క్లాసు చిల్లర నాణేలు పోగుచేసి వెళ్లింది. రెండు రోజులు గొంతు పోయింది దానికి.

2020లో కోవిడ్ వచ్చింది. విద్యార్థులు సేవ చేస్తే గ్రాంటు ఇచ్చే పథకం పెట్టింది ప్రభుత్వం. బడ్జెట్ 91 కోట్ల డాలర్లు. నడిపే పని ఈ సంస్థకే అప్పగించారు. అప్పటి ప్రధాని ట్రూడో తల్లి, తమ్ముడు ఈ సంస్థ సభల్లో మాట్లాడి ఫీజు తీసుకున్నారని బయటపడింది. ఆర్థిక మంత్రి బిల్ మోర్నో, సంస్థ తన కుటుంబం ప్రయాణాలకి పెట్టిన 41 వేల డాలర్లు వెనక్కి కట్టాడు. జులైలో ఆ ఒప్పందం పోయింది, ఆగస్టులో మంత్రి రాజీనామా, సెప్టెంబర్లో కెనడాలో పని ముగిస్తున్నామని సంస్థే ప్రకటించింది.

నన్ను ఎక్కువ గుచ్చింది వేరే లెక్క. ఆ పథకంలో వంద గంటలకి వెయ్యి డాలర్లు. అంటే గంటకి పది. అప్పుడు మా రాష్ట్రంలో కనీస కూలి పద్నాలుగు. ఇది సేవ అయితే డబ్బెందుకు, పని అయితే కూలి తక్కువెందుకు? బాలకార్మికుడి కోసం పుట్టిన సంస్థ చేతికి చివరికి ఇలాంటి పథకం వచ్చింది.

మాదాపూర్_కుర్రాడు:
అక్కా, మొత్తం చెప్పినందుకు థ్యాంక్స్. కానీ సగం దగ్గర ఆపేశారు. 2021లో అక్కడి ఎథిక్స్ కమిషనర్ ట్రూడో తప్పు చేయలేదని తేల్చారు, మోర్నో చేశాడన్నారు. ఆ పథకం పెట్టింది కూడా ప్రభుత్వమే కదా. అయినా పాతికేళ్లలో ఆ క్రేగ్ మాట విని ఎంతమంది పిల్లలు మొదటిసారి బాలకార్మికుల గురించి ఆలోచించారు? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

మిసిసాగా_అమ్మ:
ట్రూడో విషయంలో నువ్వు చెప్పింది నిజమే తమ్ముడూ, నేనే వదిలేశాను. కానీ నేను ఇల్లు తగలబెట్టమనలేదు. మా అమ్మాయిని అడిగాను, ఆ రోజు ఏం గుర్తుందే అని. పాట గుర్తుంది, లైట్లు గుర్తున్నాయి, ఇక్బాల్ పేరు గుర్తులేదు. అదే పిల్ల 40 గంటల కోసం లైబ్రరీలో చిన్నపిల్లలకి కథలు చదవడం మొదలుపెట్టి, గంటలు నిండాక కూడా రెండేళ్లు వెళ్లింది. ఎందుకంటే సోమాలీ కుటుంబం పిల్లాడొకడు మా పిల్ల రాకపోతే పుస్తకం తెరిచేవాడు కాదు. ఏ స్పీకరూ దీనికి ఆ మాట చెప్పలేదు.

గద్వాల_బిడ్డ:
ఇక్బాల్ అనగానే ఆగిపోయాను. మగ్గం ఎక్కడో పాకిస్థాన్‌లో అనుకుంటున్నారు గానీ, మా దగ్గర మగ్గం బదులు పత్తి చేను.

మాది సీడ్ పత్తి ఏరియా. తెలియని వాళ్ల కోసం చెప్తాను. విత్తనపు పత్తికి చేత్తో క్రాసింగ్ చేయాలి. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను గోరుతో గిల్లి లోపలి పుప్పొడి భాగం తీసేయాలి, గుర్తుకి కాగితం పెట్టాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. సీజన్‌లో రోజూ ఇదే. చెట్టు ఎత్తు తక్కువ, మొగ్గ సున్నితం, "పిల్లల వేళ్లయితే మంచిది" అనేవాళ్లు. అసలు కారణం పిల్లలకి కూలి తక్కువ ఇవ్వొచ్చు, ఎదురు మాట్లాడరు. ఆర్గనైజర్ల (విత్తన కంపెనీల మధ్యవర్తుల) దగ్గర అడ్వాన్సు తెచ్చుకున్న ఇల్లయితే బిడ్డను పంపక తప్పదు. మా అక్క ఆరో తరగతిలో బడి మానింది. సాయంత్రం చేతులు కడుక్కున్నా గోళ్ల కింద పచ్చదనం పోయేది కాదు, ఆ చేత్తోనే నాకు అన్నం పెట్టేది.

నన్ను బడిలో ఉంచింది ఎవరో చెప్పనా? పక్క ఊరి కుర్రాళ్లిద్దరు. ఇంటర్ చదివినవాళ్లు, మా ఊళ్లలో అప్పటికి అదే పెద్ద చదువు. స్టేజీ లేదు, మైకు లేదు. మా నాయన చేను గట్టు మీద కూర్చుంటే పక్కన కూర్చునేవాళ్లు. తిట్టేవాడు, పోయేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు. ఎన్నిసార్లు వచ్చారో మా అమ్మ లెక్క మరిచింది.

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ 1990లలో ఈ పద్ధతిలోనే పనిచేసింది. ఊళ్లలో చదువుకున్న యువకులే వాలంటీర్లు, పని నుంచి వచ్చిన పిల్లలకి ముందు క్యాంపు బడి, తర్వాత మామూలు బడి. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ అవార్డు వెనుక తిట్లు తిన్న కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి. వాళ్ల పేర్లు ఏ సభలో పిలుస్తారు?

మాదాపూర్_కుర్రాడు:
అక్కా, నీ ముందు నేనేం మాట్లాడను. ఒక్కటే అడుగుతా. ఆ ఇద్దరూ ఇప్పుడేం చేస్తున్నారు?

గద్వాల_బిడ్డ:
ఒకాయన ఎరువుల దుకాణంలో గుమాస్తా. ఇంకొకాయన ఆటో. ఏళ్ల తరబడి తిరిగారు, పెళ్లిళ్లయ్యాక కుదరలేదు.

మాదాపూర్_కుర్రాడు:
నా గొడవ అదే. అంత మంచి పని చేసినవాళ్లు ఇల్లు గడవక వదిలేశారు. సేవ అంటే ఉచితం అన్నంత కాలం ఇలాగే జరుగుతుంది. బొల్లాంట్ లాంటివి నిలబడితే జీతాలు నిలుస్తాయి. 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజసేవకి (సీఎస్‌ఆర్) పెట్టాలని చట్టం ఉంది కదా, ఆ డబ్బు వచ్చేది కాగితాలు రాయడం వచ్చిన సంస్థలకే. మన కుర్రాళ్లకి ఆ కాగితాలు రాయడం ఎవరు నేర్పుతారు? నా లాంటోడు స్టేజీ ఎక్కి చెబితేనే కదా.

గద్వాల_బిడ్డ:
ఇప్పుడు మాట్లాడావు తమ్మీ. అలాగైతే ఎక్కు. కానీ ఎక్కినప్పుడు "నా కల, నా ప్రయాణం" వద్దు. నెలకి ఎంత వస్తుంది, ఎంత పోతుంది, ఇంట్లో ఏమన్నారు, మధ్యలో ఏం మానేశావు, అవి చెప్పు. నిన్ను చూసి ఉద్యోగం మానేసే పిల్లాడికి వెనకాల ఇల్లు లేకపోవచ్చు.

పాత_వాలంటీర్:
ఎన్‌ఎస్‌ఎస్ వాణ్ని కాబట్టి నేనూ ఒక మాట. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన పథకం ఇది. నినాదం "నేను కాదు, మీరు". రెండేళ్లలో 240 గంటలు, ఒక వారం క్యాంపు. మా క్యాంపులో మూడు రోజులు మరుగుదొడ్ల గుంతలు తవ్వాం. నాలుగో రోజు ముఖ్య అతిథి వస్తున్నారని తవ్వడం ఆపి ముగ్గులేశాం. ఆ గుంతలు ఎవరైనా పూర్తిచేశారో లేదో ఇవాళ్టికీ తెలియదు. సర్టిఫికెట్ మాత్రం ఫైల్లో ఉంది. కాబట్టి మాస్టారూ, సభలు చెడ్డవి, క్యాంపులు మంచివి అని కూడా అనుకోకండి. రెండిట్లోనూ ముగ్గు దూరుతుంది.

మిసిసాగా_అమ్మ:
ముగ్గు దూరుతుంది! ఈ మాట మా ఆయనకి చదివి వినిపించాను.

డెల్టా_మాస్టారు:
అందరికీ నమస్కారం. వారం తర్వాత వస్తున్నాను, మూల్యాంకనం డ్యూటీ పడింది.

ఇక్కడ చదివాక ఒక పని చేశాను. సభకి పేరిచ్చిన 62 మందికీ తలో చీటీ ఇచ్చి, స్టేజీ మీదున్న వాళ్లని ఒక్క ప్రశ్న అడగాలంటే ఏం అడుగుతారో రాయమన్నాను. పేర్లు వద్దన్నాను. ఇంటికి తెచ్చుకుని రాత్రి కూర్చుని చదివాను. "మీ సక్సెస్ సీక్రెట్ ఏంటి" లాంటివి ఓ పాతిక. "ఇంట్లో ఒప్పుకున్నారా", "మీకు జీతం ఎంత", "అమ్మాయి ఒక్కతే ఊళ్లు తిరగాలంటే ఎలా" అనేవి దాదాపు అంతే. ఒకడు "మధ్యాహ్నం బిర్యానీ ఉందా" అని రాశాడు. చేతిరాత చూస్తే ఎవరో తెలిసిపోతోంది, పోనివ్వండి.

బస్సు మాట ఇంకా తేల్చుకోలేదు. పదిహేను మందిని రైల్లో తీసుకెళ్లి, మిగిలిన డబ్బు వేరే దేనికైనా వాడదామా అని ప్రిన్సిపల్‌గారిని అడిగాను. చూద్దాం అన్నారు. మాదాపూర్ తమ్ముడూ, నువ్వు ఎప్పుడైనా ఇటు వస్తే మా క్లాసుకి రా. దారి ఖర్చు ఇస్తాను, శాలువా మాత్రం కప్పను. నీ జమాఖర్చుల పుస్తకం తెచ్చుకో.

వేరే దేనికైనా అన్నానే, దాని కారణం ఒక చీటీ. నీలం ఇంకు, సగం చింపిన రూళ్ల కాగితం. "సార్, నాకు కూడా సేవ చేయాలని ఉంది. కానీ మా హాస్టల్ బాత్‌రూమ్‌కి రెండు నెలలుగా గడియ లేదు. ఒకరు వెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడుతున్నాం. దానికి ఎవరిని అడగాలి?"