ఫౌల్‌బ్రూడ్‌ని ‘పిల్లకుళ్ళు’ అనొచ్చా?

తేనెటీగల పెంపకం మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. తేనెటీగల పిల్లపురుగులకి వచ్చే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే జబ్బుకి ‘అమెరికా పిల్లకుళ్ళు తెగులు’ అని రాశాను. సరిపోతుందా అండీ?

— ‘పిల్ల’ సరే, ‘తెగులు’ రైతుల నోట నలిగిన మాటే కాబట్టి అదీ సరే. పేచీ ‘కుళ్ళు’తోనే. మామూలుగా ఏదైనా కుళ్ళిందంటే నానా రకాల సూక్ష్మజీవులూ వచ్చి పడ్డాయని అర్థం కదా, ఇక్కడ జరిగేది దాదాపు దానికి తలకిందులు. పీనిబాసిల్లస్ లార్వే అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు), గుడ్డులోంచి బయటికొచ్చి ఒకటిన్నర రోజు కూడా దాటని పిల్లపురుగు తిండిలో కలిసి లోపలికి పోతాయి. పేగులో మొలకెత్తి, విపరీతంగా పెరిగి, పేగుకి లోపలివైపు కాపలాగా ఉండే కైటిన్ (పురుగుల పైపెంకులో ఉండే గట్టి పదార్థం) పొరని ఒక ఎంజైమ్‌తో (పీఎల్‌సీబీపీ49 అంటారు) కొరికేస్తాయి. ఆ ఎంజైమ్ తీసేస్తే ఈ బ్యాక్టీరియా చంపే శక్తి చాలావరకు పోతుందట. ఈ బ్యాక్టీరియాలోనే ఎరిక్‌-1 అనే రకంలో పీఎల్‌ఎక్స్1, పీఎల్‌ఎక్స్2 అనే విషాలు కూడా ఉన్నాయి.

అసలు తమాషా ఈ బ్యాక్టీరియా తయారుచేసే పీనిలామైసిన్ అనే పదార్థానిది. దాని ముఖ్యమైన పని పోటీకొచ్చే ఇతర సూక్ష్మజీవులను అణచడం. అందుకే చచ్చిన పురుగులో ఈ ఒక్క బ్యాక్టీరియానే దాదాపుగా మిగులుతుంది. కుళ్ళు కాదు, కుళ్ళుబోతుతనం అనాలి!

— హహ. మరి వ్యాసంలో వీటన్నిటినీ కలిపి ‘విషపదార్థాలు’ అని రాసేశానే?

— విడదీయండి. పీఎల్‌ఎక్స్‌లు విషాలు, కైటిన్‌ని కొరికేది ఎంజైమ్, పీనిలామైసిన్ యాంటీబయాటిక్. మూడూ ఒకే గాట కడితే ఎవరు పిల్లని చంపుతున్నారో, ఎవరు పక్కవాళ్ళని తరుముతున్నారో పాఠకుడికి తెలియదు.

పేరుకి నా ఓటు ‘తీగసాగే తెగులు’. తేనెపట్టులో అనుమానం వచ్చిన పిల్ల గదిలో అగ్గిపుల్ల గుచ్చి మెల్లగా లాగితే, బెల్లం పాకంలా గోధుమరంగు తీగ సాగుతుంది, పెంపకందారులు గుర్తుపట్టేది దాంతోనే. ‘అమెరికా’ ఉంచాలంటే ఉంచండి గానీ, జబ్బు అక్కడ పుట్టిందని కాదు, మొదట శాస్త్రీయంగా పరిశోధించింది అక్కడ కాబట్టి ఆ పేరు, అని ఒక ముక్క రాయండి.

— యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్‌కి కూడా ఇదే వాడొచ్చా?

— వద్దు. దానికి కారణం వేరే బ్యాక్టీరియా, మెలిస్సోకాకస్ ప్లూటోనియస్. పిల్లలు ఎక్కువగా గదికి మూత పడకముందే చస్తాయి, తర్వాత ఇతర బ్యాక్టీరియా కూడా చేరతాయి. మీ ‘పిల్లకుళ్ళు’ దానికి పెట్టుకోండి.