గట్టి నేల మీద చిప్ షాట్ కుదురుతలేదు, వెడ్జ్ మార్చాల్నా?

గోల్ఫ్ ఆడేటోళ్లు ఎవరన్న ఉంటే జర చెప్పుండ్రి. నాది హన్మకొండ, దగ్గర్ల కోర్స్ లేక నెలకు రెండుసార్లు హైదరాబాద్ పోయి గోల్కొండ కోట దిక్కు ఆడొస్త, మిగతా రోజులు పొద్దుగాల 6 గంటలకు ఇంటి పక్క ఖాళీ గ్రౌండ్‌ల చిప్పింగ్ (బంతిని కొంచెం లేపి దగ్గర్లకే కొట్టుడు) ప్రాక్టీస్ చేస్త (చూసేటోళ్లు ఏదో పోగొట్టుకున్నడు వెతుకుతుండు అనుకుంటరు).

దూరం కొట్టే క్లబ్‌లు (గోల్ఫ్ కర్రలు) డ్రైవర్, ఐరన్లు పర్వాలేదు, గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి జాగ) దగ్గరికొచ్చినంకనే ఆగమైతున్న. 15-20 గజాల చిప్‌లు 10 కొడితే ఒక 4 ముందు నేలకే తాకి రెండు గజాలు గూడ పోవు, ఇంకో 3 క్లబ్ అంచు తగిలి గ్రీన్ అవతలికి ఉరుకుతై. వాడేది 56 డిగ్రీల సాండ్ వెడ్జ్ (బంతిని ఎత్తుగ లేపే క్లబ్), బౌన్స్ (అంచు నేలల దిగకుంట ఆపే క్లబ్ అడుగు కోణం) 12 డిగ్రీలు. వానాకాలంల గడ్డి ఉన్నప్పుడు మంచిగనే పడేది, డిసెంబర్‌ల నేల ఎండి రాయిలెక్క అయినప్పటి నుంచే ఈ లొల్లి.

బంతిని కుడికాలు దిక్కు జరిపి చూసిన, బరువు 70 శాతం దాకా ఎడమకాలు మీద పెట్టిన, చేతులు బంతికన్న ముందు ఉంచిన. ఇట్ల చేస్తె అంచు ఇంకా ఎక్కువ నేలల దిగవడ్తుంది. కోచ్ చెప్పిన టవల్ డ్రిల్ గూడ, అంటే బంతి వెనుక జానెడు దూరంల టవల్ పరిచి దానికి తగలకుంట కొట్టుడు, 3 వారాలు చేసిన, టవల్ ఉంటే 10ల 8 సక్కగ పోతై, తీసేస్తె మళ్ల అదే కథ.

ఇసొంటి గట్టి నేల మీద 56 పక్కనవెట్టి పిచింగ్ వెడ్జ్‌తోని (బంతిని తక్కువ ఎత్తుకు లేపే వెడ్జ్) బంతిని దొర్లిచ్చుడు నేర్చుకోవాల్నా, లేకుంటె బౌన్స్ 6-8 ఉన్న వెడ్జ్ కొనాల్నా?