తెలుగు లఘుచిత్రాన్ని విద్యార్థి చిత్రోత్సవాలకు పంపే ముందు: యూట్యూబ్ విడుదల, పాత పాట హక్కులు, ఎంట్రీ ఫీజులు

ప్రశ్న (విజువల్ కమ్యూనికేషన్ విద్యార్థి, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. భీమిలి దగ్గర ఒక మత్స్యకార గ్రామంలో మా బృందం తీసిన 24 నిమిషాల కథాచిత్రం ఎడిటింగ్ పూర్తయింది. దీనిని విద్యార్థి చిత్రోత్సవాలకు పంపాలని నా కోరిక. అయితే పరీక్షలు కాగానే యూట్యూబ్‌లో పెట్టేద్దామని బృందంలో సగం మంది పట్టుబడుతున్నారు. ముందుగా అక్కడ పెడితే ఉత్సవాలు తిరస్కరిస్తాయా? ఇంకొక సందేహం పాట గురించి. అన్నదమ్ములిద్దరు టీ బడ్డీ దగ్గర కూర్చుని పడవ అమ్మకం గురించి మాట్లాడుకునే సన్నివేశంలో, వెనక రేడియోలో 1959 నాటి సినిమా పాట సుమారు నలభై సెకన్లు వినిపిస్తుంది. అంత చిన్న ముక్కకు కూడా అనుమతి కావాలా? ఫీజులకు మా దగ్గర ఉన్నది పది వేల రూపాయలు. దానిని ఎలా ఖర్చుపెట్టాలో కూడా దయచేసి చెప్పండి.

జవాబు (అధ్యాపకురాలు, విద్యార్థి చిత్రోత్సవాల తొలి వడపోతలో పనిచేశారు)

యూట్యూబ్ విషయంలో తొందరపడవద్దని మీ మిత్రులకు గట్టిగా చెప్పండి. ఆన్‌లైన్‌లో ఇదివరకే విడుదలైన చిత్రాలను కొన్ని ఉత్సవాలు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు, మరికొన్ని తమ దేశంలో తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని షరతు పెడతాయి. బహిరంగంగా పెట్టిన చిత్రాన్ని తర్వాత తొలగించినా, ఎక్కడా విడుదల కాలేదని దరఖాస్తులో నిజాయితీగా రాయలేరు. ఉత్సవాల ఫలితాలన్నీ వచ్చాక పెడితే మాత్రం పోయేదేమీ ఉండదు. ఎంపిక సంఘానికి పంపే ప్రతిని విమియో అనే వీడియో వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్‌తో ఉంచి, ఫలితం తెలిసేవరకు ఆ పాస్‌వర్డ్ మార్చకుండా ఉండండి. వందల చిత్రాలు చూడవలసినవారు తెరుచుకోని లింకు కోసం రెండోసారి ప్రయత్నించరు.

మీ చిత్రం నిడివి గురించి కూడా ఒక మాట చెప్పాలి. అకాడమీ అవార్డుల నిర్వచనం ప్రకారం 40 నిమిషాల లోపు ఏదైనా లఘుచిత్రమే కాబట్టి నియమం పరంగా మీకు ఇబ్బంది లేదు. కానీ తొంభై నిమిషాల ప్రదర్శనలో 24 నిమిషాల చిత్రం నాలుగో వంతుకు పైగా ఆక్రమిస్తుంది. మీ చిత్రాన్ని తీసుకోవాలంటే నిర్వాహకులు ఇంకో రెండు చిత్రాలను వదులుకోవలసి రావచ్చు. అందుకని, కత్తిరించినా కథకు లోటు రాని షాట్లు ఇంకా ఉన్నాయేమో ఒకసారి నిర్మొహమాటంగా చూసుకోండి. 2024లో కాన్ చిత్రోత్సవం విద్యార్థి విభాగమైన లా సినెఫ్‌లో మొదటి బహుమతి పొందిన చిదానంద ఎస్. నాయక్ గారి కన్నడ చిత్రం నిడివి 16 నిమిషాలే. పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో ఒక ఏడాది కోర్సు చేస్తూ తీసిన చిత్రమది. ఆ ఏడాది వచ్చిన 2,263 ఎంట్రీలలో 18 మాత్రమే ఎంపికయ్యాయి కాబట్టి అక్కడికి పంపవద్దని నేను అనను, కానీ ఆశలన్నీ అక్కడే పెట్టుకోవద్దు.

1990 నుంచి జరుగుతున్న ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవం (మిఫ్), తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ 2008లో మొదలుపెట్టిన డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవం తప్పక చూడవలసినవి, ఎందుకంటే అక్కడికి వచ్చే ప్రేక్షకులు లఘుచిత్రాల కోసమే వస్తారు. ఉత్సవాలకు ఎంట్రీలు పంపే వెబ్‌సైట్ ఫిల్మ్‌ఫ్రీవేలో కనిపించే ఉత్సవాలలో చాలావాటికి గడువు దగ్గరపడేకొద్దీ ఫీజు పెరుగుతుంది. కనుక మొదటి గడువులోనే, విద్యార్థి రాయితీ ఉందేమో చూసుకుని పంపండి. ప్రతి నెలా బహుమతులు ప్రకటిస్తూ, ఏ థియేటర్‌లో ఏ తేదీన ప్రదర్శించారో ఎక్కడా చెప్పని వాటికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. పోస్టర్ మీద ముద్ర వేసుకోవడానికి తప్ప అవి దేనికీ పనికిరావు. పిల్లలు జేబు డబ్బులు కూడబెట్టి ఇలాంటి చోట్ల పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

జవాబు (సౌండ్ డిజైనర్, హైదరాబాద్)

పాట గురించి నేను చెబుతాను. ఇన్ని సెకన్ల లోపు వాడుకుంటే అనుమతి అక్కరలేదన్న మాట మన రంగంలో బాగా ప్రచారంలో ఉంది, కానీ 1957 నాటి కాపీరైట్ చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు. నేపథ్యంలో యాదృచ్ఛికంగా కనిపించే వాటికి సెక్షన్ 52 ఇచ్చే మినహాయింపు చిత్రలేఖనం, శిల్పం వంటి కళాకృతులకు వర్తిస్తుందే తప్ప పాటకు వర్తించదు. కాబట్టి టీ బడ్డీ గోడ మీది బొమ్మ వల్ల మీకు చిక్కు రాదు, రేడియోలోని పాట వల్ల వస్తుంది.

ఒక పాటలో హక్కులు వేర్వేరుగా ఉంటాయి. ధ్వని ముద్రణ మీది హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి 1959 నాటి రికార్డింగ్‌కు అది 2019తో ముగిసింది. సాహిత్యం, స్వరకల్పన అలా కాదు. వాటికి కర్త మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్కించాలి. ఉదాహరణకు శ్రీశ్రీ గారు 1983లో మరణించారు కాబట్టి ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. ఆ హక్కులు ఇప్పుడు వారసుల దగ్గర ఉన్నాయో, నిర్మాత దగ్గరో, మ్యూజిక్ కంపెనీ దగ్గరో కనుక్కొని రాతపూర్వకంగా అనుమతి పొందాలి. తరగతి గదిలో చూపినప్పుడు ఎవరూ అడగలేదు కదా అనుకోవద్దు. ఉత్సవ దరఖాస్తులో సాధారణంగా హక్కులన్నీ మీవేనని మీరే సంతకం చేయవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చిక్కేమిటంటే, ఆ పాటను మేము ఎడిటింగ్‌లో కలపలేదు. షూటింగ్ సమయంలో బడ్డీలో రేడియో నిజంగానే మోగుతోంది, అది మాటలతో పాటే రికార్డయింది. నటులిద్దరూ ఆ ఊరివారే. పైగా కళాశాల కెమెరాలు వాడాం కనుక చిత్రం కళాశాలదేనని మా విభాగాధిపతి గారు అంటున్నారు.

జవాబు (సౌండ్ డిజైనర్, హైదరాబాద్)

ఒకే ట్రాక్‌లో కలిసిపోయిన పాటను శుభ్రంగా విడదీయడం కష్టం. విడదీసే సాఫ్ట్‌వేర్లు ఉన్నా మాటలలో ఊపిరి పోతుంది. ఆ ఇద్దరినీ మళ్లీ అదే బడ్డీ దగ్గర కూర్చోబెట్టి, రేడియో ఆపించి, కెమెరా లేకుండా మాటలు మాత్రమే పలికించండి. స్టూడియోకు తీసుకువెళ్లి బొమ్మ చూపిస్తూ డబ్బింగ్ చెప్పిస్తే అలవాటులేనివారి గొంతు బిగుసుకుపోతుంది, ఊళ్లోనైతే అలల హోరుతో సహా సహజంగా దొరుకుతుంది. పెదవులకు సరిపోని చోట్ల వినేవాడి ముఖం మీదికో స్టవ్ మీది గిన్నె మీదికో కట్ చేయండి. రేడియోలో పాట ఉండి తీరాలనుకుంటే, సంగీత కళాశాల విద్యార్థులతో ఆనాటి బాణీ గుర్తుచేసే కొత్త పాట కట్టించి, రాసినవారి దగ్గరా, స్వరపరిచినవారి దగ్గరా, పాడినవారి దగ్గరా ఒప్పంద పత్రం తీసుకోండి. పాత పాటనే వేరేవారితో పాడిస్తే సరిపోతుందనుకోవద్దు, సాహిత్యం మీదా స్వరం మీదా హక్కులు అలాగే ఉంటాయి.

జవాబు (అధ్యాపకురాలు)

కెమెరా ఎవరిదన్న దానిని బట్టి చిత్రం ఎవరిదో తేలదు. చట్టం దృష్టిలో చిత్రానికి కర్త నిర్మాత, అంటే దానిని తీయడానికి పూనుకుని బాధ్యత వహించినవారు. కళాశాలలో చేరేటప్పుడు మీరు సంతకం చేసిన పత్రాలలో దీని గురించి ఏదైనా షరతు ఉందేమో ముందు చూడండి. ఏది ఏమైనా మీ విభాగాధిపతి గారితో వాదనకు దిగవద్దు. చిత్రం పేరు, నిడివి, దర్శకుని పేరు, మీ కోర్సులో భాగంగానే తీశారన్న వాక్యం, చిత్రోత్సవాలకు పంపడానికి అభ్యంతరం లేదన్న వాక్యం ఉండేలా కళాశాల లెటర్‌హెడ్ మీద ఒక లేఖ ఇమ్మని వినయంగా అడగండి. అది ఉంటే విద్యార్థి విభాగంలో పంపడానికి రుజువుగా కూడా పనికివస్తుంది. మాటలు మళ్లీ రికార్డు చేశాకే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయించండి. ఇప్పుడే వేయిస్తే ఆ సన్నివేశానికి రెండోసారి డబ్బు పెట్టవలసి వస్తుంది.