అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) టెంప్లేట్‌లో నికెల్ నానోవైర్లు: నిలువుకూ అడ్డానికీ అయస్కాంత లూప్ ఒకేలా వస్తోంది, ఎందుకు?

ఓరుగల్లు_పోర్:
నమస్తే. హనుమకొండలో చిన్న ల్యాబ్ సెటప్. 99.99 శాతం అల్యూమినియం రేకును ఎలక్ట్రోపాలిష్ చేసి రెండు దశల యానోడైజింగ్ (యాసిడ్‌లో కరెంటు పంపి రంధ్రాలున్న ఆక్సైడ్ పొర పెంచడం) చేస్తున్నాం; ఆ రంధ్రాల్లో నికెల్ నింపి వైర్లు చేయాలని. 0.3 మోలార్ ఆక్సాలిక్ యాసిడ్, 40 వోల్టులు, 5 డిగ్రీలు. మొదటి దశ 8 గంటలు, ఆ పొర తీసేశాక రెండో దశ 1 గంట. తర్వాత 5 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్‌లో 30 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు ఉంచి రంధ్రాలు వెడల్పు చేశాం. బ్యారియర్ పొర (రంధ్రాల అడుగున మిగిలే ఆక్సైడ్) పలచబరచడం విడిగా చేయలేదు, ఫాస్ఫారిక్‌లోనే తగ్గిపోతుందనుకున్నాం. నికెల్ నింపడానికి వాట్స్ బాత్ (నికెల్ పూత ద్రావణం), వేరియాక్ (వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్) నుంచి 15 వోల్టుల ఏసీ.

ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని)లో రంధ్రాల మధ్య దూరం 104 నానోమీటర్లు, రంధ్రం వ్యాసం 62. సమస్యలు రెండు. వైర్ల వెంబడి, వైర్లకు అడ్డంగా తీసిన వీఎస్‌ఎం లూపులు (అయస్కాంత క్షేత్రం మారుస్తూ నమూనా అయస్కాంతత్వాన్ని కొలిచిన గీతలు) దాదాపు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇంకోటి, కొన్ని రంధ్రాలు 1.5 మైక్రాన్ల దాకా నిండితే పక్కవి ఖాళీ, అక్కడక్కడ పొర పెచ్చులూడుతోంది. లోపం నికెల్ బాత్‌లోనా?

కాజీపేట_లూప్:
లూప్ సంగతి వరకు బాత్‌ను అనుమానించకండి. ఆ 35 నిమిషాల్లోనే ఉంది తప్పంతా.

ఒంటరి పొడవాటి వైరుకు ఆకార అనైసోట్రపీ క్షేత్రం (అయస్కాంతత్వాన్ని పొడవు వెంబడే నిలిపే బలం) 2πMs; Ms అంటే సంతృప్త అయస్కాంతత్వం. నికెల్‌కు Ms ఘన సెంటీమీటరుకు సుమారు 485 ఈఎంయూ (అయస్కాంత మొమెంట్ కొలత), అంటే క్షేత్రం 3,050 ఆర్‌స్టెడ్‌ల (క్షేత్రం కొలత) దగ్గర. కానీ వైర్లు గుంపుగా ఉన్నప్పుడు పక్క వైర్ల క్షేత్రం దీనికి ఎదురు పనిచేస్తుంది. అప్పుడు లెక్క 2πMs(1−3P). P అంటే ఉపరితలంలో రంధ్రాలు ఆక్రమించిన వంతు. షడ్భుజ అమరికకు P = 0.907 × (వ్యాసం/దూరం)².

మీ 62, 104 వేస్తే P 0.32. 1−3P దాదాపు 0.03. మిగిలింది వంద ఆర్‌స్టెడ్‌లు! లూపులు ఒకటి కాక ఏమవుతాయి? అదే 40 నానోమీటర్ల రంధ్రమైతే P 0.13, మిగిలేది 1,800 పైచిలుకు. 40 వోల్టుల దగ్గర ఆక్సాలిక్ స్వతహాగా ఇచ్చేదే 30–35 నానోమీటర్లు కాబట్టి 5, 6 నిమిషాలు చాలు. మీ లెక్క ప్రకారమే నిమిషానికి ముప్పాతిక నానోమీటర్ పెరుగుతోంది. యాసిడ్ రెండు డిగ్రీలు వేడెక్కినా ఇది మారుతుంది, వాటర్ బాత్ లేకుండా చేయకండి.

కొలిచేటప్పుడు ఇంకో మాట. నమూనాను స్టీలు పట్టకారుతో ముట్టుకోవద్దు, ప్లాస్టిక్‌దో ఇత్తడిదో వాడండి. ఎంత నిండిందో లూప్ నుంచే తెలుస్తుంది: 5 మిల్లీమీటర్ల చదరం, P 0.13, 1 మైక్రాన్ ఎత్తు పూర్తిగా నిండితే సంతృప్త మొమెంట్ 0.0016 ఈఎంయూ రావాలి. అందులో సగమే వస్తే నిండింది సగమే. అంతకుముందు అల్యూమినియం రేకు లూప్‌కు కలిపే వాలును తీసేయడం మరవొద్దు.

పూత_పనిమంతుడు:
ముందుగాల గా వేరియాక్ సంగతి చూడు తమ్మీ. వేరియాక్ ఐసోలేషన్ ఇయ్యదు, అంటే మెయిన్స్ కరెంటు నుంచి తెగదీయదు. ఎలక్ట్రోడు 15 వోల్టులే చూపిచ్చినా ఫేజు తారుమారైతే బాత్‌ల చెయ్యి పెట్టినోనికి 230 వోల్టుల షాక్ కొడతది. నడుమ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండ ఒక్క నిమిషం నడపొద్దు.

ఇగ నిండుడు గురించి. 40 వోల్టులకు అడుగున బ్యారియర్ పొర 40–50 నానోమీటర్లుంటది. ఫాస్ఫారిక్ గోడల్ని ఎంత తిన్నదో అడుగును గూడ అంతే తిన్నది: వ్యాసం 35 నుంచి 62 అయిందంటే ఒక్కో పక్క 13 చిల్లర. అంటే ఇంకా 30 మిగిలే ఉన్నది. అది అన్ని రంధ్రాల్ల ఒక్క తీరు ఉండదు, పలచగున్న దగ్గర కరెంటు ముందుగాల దూరుతది, ఆ రంధ్రమే నిండుకుంట పోతది. మిగిలినయి ఆకలితోని ఉంటయి. అడుగున పుట్టిన హైడ్రోజన్ బయటికి రాలేక పొరను ఎత్తుతది, గదే నీ పెచ్చులు.

మందు ఇది. రెండో దశ అయిపోంగనే, అదే బాత్‌ల, వోల్టేజీ 40 నుంచి 20 దాక 30 సెకన్లకు 2 వోల్టుల చొప్పున దించు. ఆ తర్వాత 30 సెకన్లకు 1 చొప్పున 8 దాక. ప్రతి మెట్టు మీద కరెంటు పడిపోయి మళ్ల లేస్తది, లేచినంకనే కిందికి దిగు. తొందరపడితే అడుగు గడ్డకట్టినట్టు ఉండిపోతది. 8 దగ్గర ఒక 5 నిమిషాలు ఆపు. వెడల్పు చేసుడు దీని తర్వాతనే.

దీనికో ఖరీదున్నది. వోల్టేజీ సగమైతే ఒక్కో రంధ్రం అడుగున నాలుగు దాక చీలుతది, చెట్టు వేళ్ల లెక్క. ఆ వందల నానోమీటర్ల భాగం సాఫు వైరు గాదు. అందుకే వైరు కనీసం 1 మైక్రాన్ పొడుగుండాలె.

ఏసీ కన్న పల్స్ మంచిది: 8 మిల్లీసెకన్లు చదరపు సెంటీమీటరుకు 70 మిల్లీయాంపుల కేథోడ్ పల్స్, 2 మిల్లీసెకన్ల చిన్న ఎదురు పల్స్, ఆపై అర సెకను నుంచి సెకను విరామం. ఆ విరామంల నికెల్ అయాన్లు అడుగుకు చేరుతయి. బాత్: నికెల్ సల్ఫేట్ లీటరుకు 300 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 45, బోరిక్ యాసిడ్ 45, పీహెచ్ 4.5, 35 డిగ్రీలు.

ఓరుగల్లు_పోర్:
ఇద్దరికీ ధన్యవాదాలు. నికెల్ బదులు కోబాల్ట్ వేస్తే Ms ఎక్కువ కదా, లూప్ ఇంకా బాగా విడిపోదా? అలాగే మధ్యాహ్నానికి ఐసు కరిగి బాత్ 12 డిగ్రీలకు వస్తోంది, దానివల్ల నష్టమెంత?

కాజీపేట_లూప్:
కోబాల్ట్‌తో మొదలుపెట్టకండి. దాని షడ్భుజ స్ఫటికానికి సొంత అనైసోట్రపీ ఉంది, ఘన సెంటీమీటరుకు 4.5×10⁶ ఎర్గ్‌లు. ఆకారం ఇచ్చేది 6.2×10⁶. బాత్ పీహెచ్‌ను బట్టి సి-అక్షం (స్ఫటికంలో అయస్కాంతత్వం ఇష్టపడే దిక్కు) వైరుకు అడ్డంగా పడితే రెండూ కుస్తీ పడతాయి, లూప్ చూసి తప్పెక్కడో చెప్పలేం. నికెల్ స్ఫటికానికి అంత పంతం లేదు. ముందు దానితో టెంప్లేట్‌ను పరీక్షించుకుని తర్వాత కోబాల్ట్‌కు వెళ్లండి.

కోబాల్ట్‌కు టెంప్లేట్ లేని దారీ ఉంది: బంగారం స్ఫటికపు 111 ముఖం (అణువులు దట్టంగా పేర్చుకున్న తలం) మీద ఉపరితలం తనే మడతలు పడి, ఆ మడతల మోచేతుల దగ్గర కోబాల్ట్ చుక్కలు మొలిచే పద్ధతి 1991 నుంచీ ఉంది. చూడ్డానికి అద్భుతం. కానీ దానికి అత్యున్నత శూన్యం కావాలి, పైగా కొన్ని నానోమీటర్ల ఆ చుక్కల అయస్కాంతత్వం గది వేడిలో నిలవదు. మీకు మొదటి దశ మిగిల్చే అల్యూమినియం గుంటలే ఆ మోచేతుల పని చేస్తాయి, రంధ్రాలు మొలవాల్సిన చోట్లు చూపిస్తాయి.

పూత_పనిమంతుడు:
12 డిగ్రీలకు కరెంటు పెరుగుతది, రంధ్రాలు పైనుంచి కరుగుతయి, మూలల దగ్గర మాడి నల్ల మచ్చలు పడుతయి. మే నెలల ఐసు ముక్కలను నమ్ముకోవద్దు. ఉప్పు కలిపిన ఐసు థర్మాకోల్ పెట్టెల పెట్టి, గిన్నెను అండ్ల దించు, అయస్కాంత స్టిర్రర్ ఆగకుండ తిరగాలె. ఉప్పు నీళ్లు బాత్‌ల పడొద్దు. చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీయాంపులు దాటితే ఆపి చూడు. రేకు వెనక, అంచులకు నెయిల్ పాలిష్ పూయి. బోరు నీళ్లతోని కడగొద్దు, క్లోరైడ్ అల్యూమినియంకు గుంతలు పెడతది.

మొదటి పొర తీసే క్రోమిక్ ద్రావణం (6 శాతం ఫాస్ఫారిక్, 1.8 శాతం క్రోమియం ట్రయాక్సైడ్, 60 డిగ్రీలు) వాడినంక సింకుల పొయ్యకు, నాలాల నుంచి చెరువుకే పోతది. ఫ్యూమ్ హుడ్ కింద పీహెచ్ 2–3 దగ్గర సోడియం బైసల్ఫైట్ కొంచెం కొంచెం వెయ్యి, నారింజ రంగు పోయి ఆకుపచ్చగైతది. అప్పుడు సున్నంతోని పీహెచ్ 8–9కి తెస్తే మడ్డి దిగుతది. మరీ పెంచితే మళ్ల కరుగుతది. మడ్డిని వడకట్టి ప్రమాదకర వ్యర్థాల డబ్బాల పెట్టాలె.