మాయాబజార్‌లో మాయలన్నీ కంప్యూటర్ లేకుండా ఎలా తీశారు?

మొదటి ఆట:
మొన్న మాయాబజార్ మళ్ళీ చూశాను, ఈసారి 2010లో వచ్చిన రంగుల ప్రింటు. మా అన్నయ్య కొడుకు పక్కనే కూర్చుని ప్రతి మాయకీ "ఇది గ్రాఫిక్సా బాబాయ్?" అని ఒకటే ప్రశ్నలు. 1957లో గ్రాఫిక్సేంట్రా అన్నాను. "మరెలా తీశారు?" అన్నాడు. అక్కడ ఆగిపోయాను.

వివాహభోజనంబు పాటలో పదార్థాలు వాటంతట అవే మాయమైపోవడం, ప్రియదర్శిని పెట్టెలో అభిమన్యుడు కనబడి పాడడం, లాహిరి లాహిరిలో వెన్నెల. ముఖ్యంగా ఈ మూడూ. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే మహానుభావుడు అని ఒక్క లైనులో తేల్చేయకుండా, పని ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

పాత నెగెటివ్:
డిజిటల్ రాకముందు ఫిల్మ్ మీద కెమెరా అసిస్టెంట్‌గా చేశాను. కెమెరా వైపు నుంచి నాకు అర్థమైనంత చెబుతాను.

వస్తువు మాయమవడానికి ఆ కాలంలో అందరూ వాడిన పద్ధతి చెప్పడానికి చాలా సులువు. కెమెరాను కదలకుండా బిగించేస్తారు. కొంత తీసి ఆపుతారు. ఎదురుగా ఉన్న వస్తువు తీసేసి మళ్ళీ తిప్పుతారు. తెర మీద ఆగిన సంగతి తెలియదు, వస్తువు మాయమైనట్టే ఉంటుంది. చెయ్యడం మాత్రం నరకం. కెమెరా ఆగి ఉన్నంతసేపూ నటుడు బొమ్మలా ఉండిపోవాలి. మెడ కొంచెం వాలినా, భుజం ఒక అంగుళం కిందికి దిగినా తెర మీద ఎగిరిపడ్డట్టు కనిపిస్తుంది. ఒక లైటు అటూ ఇటూ అయినా నీడ గెంతుతుంది. ఇక్కడ అది చాలదన్నట్టు ప్లేబ్యాక్ పాట ఒకటి. కెమెరా ఆపితే పాటా ఆగుతుంది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు సరిగ్గా ఆ చరణం, ఆ అక్షరం దగ్గర పెదవి కలవాలి. ఎస్.వి.రంగారావు గారు అంత బరువైన వేషంలో, మాధవపెద్ది సత్యం గారి గొంతుకు తగ్గట్టు నవ్వుతూ, తింటూ, ఆ హుందాతనం ఎక్కడా పోనివ్వలేదు. ఆ పాట చూసిన ప్రతిసారీ నా కళ్ళు గిన్నెల మీద ఉండవు, ఆయన మెడ మీద ఉంటాయి.

పైగా అప్పుడు మానిటర్ లేదు. తీసింది బాగుందో లేదో నెగెటివ్ కడిగి ప్రింటు వేసేదాకా ఎవరికీ తెలియదు. ఆ టెన్షన్ అనుభవించినవాళ్ళకే అర్థమవుతుంది.

ప్రియదర్శిని లాంటి షాట్‌కి అప్పుడున్న దారులు ముఖ్యంగా రెండు. ముందే తీసిన బొమ్మను వెనక నుంచి తెర మీద వేసి దాన్నే మళ్ళీ షూట్ చెయ్యడం ఒకటి. ఫ్రేములో ఆ పెట్టె మూత ఉన్న చోటును మాత్రం మూసి ఒకసారి తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, ఈసారి మిగతాదంతా మూసి, ఆ ఖాళీలో రెండో బొమ్మ తియ్యడం ఇంకొకటి. రెండో పద్ధతిలో ఎక్కడ మొదలుపెట్టామో ఫ్రేముల లెక్క తప్పితే రెండు బొమ్మలూ పాడైపోతాయి.

వెన్నెల సంగతి. ఆ రోజుల ఫిల్మ్‌కి అసలు వెన్నెల ఆనదు, నల్లగా వచ్చేస్తుంది. కాబట్టి అది పూర్తిగా బార్ట్‌లే గారు పుట్టించిన వెన్నెలే. నీళ్ళ మీద మెరుపు చూడండి. కెమెరాకి ఎదురు నుంచి వెలుగు వస్తేనే అలలు అలా తళుక్కుమంటాయి. కానీ అప్పుడు ముఖాలు చీకటైపోతాయి. ముఖాలకు వేరే వెలుగు ఇవ్వాలి, అది ఎక్కువైతే రాత్రి పోయి పగలైపోతుంది. ఆ రెండిటి మధ్య ఆయన పట్టుకున్న పాళ్ళు ఈ రోజుకీ కెమెరా నేర్చుకునే పిల్లలకు చూపించదగ్గవి.

ఇంకో ముక్క. ద్వారక నగరం మినియేచర్. గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. సుమారు 300 బుల్లి ఇళ్ళు కట్టి వాటిలో దీపాలు కూడా పెట్టారు.

వెనక వరుస:
'పాత నెగెటివ్' గారూ, చాలా బాగా చెప్పారు. మీరు వదిలేసింది ఒకటుంది, నా దృష్టిలో సినిమాలో అన్నిటికన్నా పెద్ద మాయ అదే. మాయా శశిరేఖ. అక్కడ ట్రిక్కు లేదు, ఉన్నది సావిత్రి గారే. లోపల ఘటోత్కచుడు, పైకి పెళ్ళికూతురు. ఆహ నా పెళ్ళియంట పాటలో సిగ్గుపడుతూ సిగ్గుపడుతూనే ఒక్కసారిగా ఛాతీ విరుచుకుని రంగారావు గారి నడక నడుస్తారు. మళ్ళీ ఎవరో వస్తున్నారనగానే ముడుచుకుపోతారు. రంగారావు గారిని ఎంత గమనించి ఉంటే ఆ భుజాల ఊపు పట్టుకోగలరు!

ఇదంతా రెండుసార్లు చేశారని కూడా గుర్తుపెట్టుకోండి. తమిళంలో కూడా ఏకకాలంలోనే తీశారు. తెలుగు 1957 మార్చి 27న వస్తే, తమిళం ఏప్రిల్ 12న వచ్చింది. అక్కడ అభిమన్యుడు నాగేశ్వరరావు గారు కాదు, జెమినీ గణేశన్. రామారావు, రంగారావు, సావిత్రి గార్లు మాత్రం రెండిటిలోనూ ఉన్నారు. అంటే మాట ఉన్న ప్రతి సీనూ రెండేసి సార్లు.

పల్లవి చరణం:
పాటల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మొదట సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది. నాలుగు పాటలకు బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు. ఘంటసాల గారు వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేసి, మిగతావి తాను కట్టారు. లాహిరి లాహిరి బాణీ రాజేశ్వరరావు గారిదే. ఇద్దరు చేసిన పని అని చెబితే తప్ప వినేవాడికి తెలియదు.

అన్నట్టు దర్శకుడు కె.వి.రెడ్డి గారి స్టాప్‌వాచ్ సంగతి. షూటింగ్‌కి ముందే ఏ సీను ఎంతసేపు రావాలో ఆయన కాగితం మీద తేల్చేసేవారు, రిహార్సల్లో గడియారం పట్టుకుని సరిచూసేవారు. ఈ సినిమాకి ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న సింగీతం శ్రీనివాసరావు గారు తర్వాత ఎలాంటి సినిమాలు తీశారో మనకు తెలుసు.

మొదటి ఆట:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం వాడితో మళ్ళీ చూస్తాను. రంగుల ప్రింటా, నలుపు తెలుపా?

పాత నెగెటివ్:
నలుపు తెలుపే, ఇంకో ఆలోచన వద్దు. రంగుల ప్రింటులో కొన్ని పాటలు తీసేశారు, 184 నిమిషాల సినిమా 165కి దిగింది. రంగులు వేసినవాళ్ళ శ్రమను తక్కువ చెయ్యను, ఆ ప్రింటు వల్లే చాలామంది పిల్లలు ఈ సినిమా చూశారు. కానీ బార్ట్‌లే గారు వెన్నెలను లెక్కకట్టింది తెలుపుకీ నలుపుకీ మధ్య ఉన్న బూడిదరంగు ఛాయల్లో. వాటి మీద నీలం పూస్తే ఆ లెక్క కనబడదు. మీవాడిని వివాహభోజనంబు దగ్గర కెమెరా కదులుతోందో లేదో చూడమనండి. మాయ జరిగే షాట్లలో ఎక్కడెక్కడ కదలకుండా నిలబడిందో వాడే పట్టుకుంటాడు.