పార్కుకి డబ్బా మోసుకెళ్లాలా, అక్కడి ‘గ్లూటెన్ ఫ్రీ’ గుర్తును నమ్మాలా?

నిద్రలేని అమ్మ

మావాడికి ఎనిమిదేళ్లు. సీలియాక్ అని తేలి రెండేళ్లయింది. అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కాస్త లోపలికి పోయినా వాడి ఒళ్లు తన చిన్నపేగు మీద తనే దాడి చేసుకుంటుంది. మందు లేదు, తినకుండా ఉండటమే మందు. వచ్చే నెల క్లాసు పిల్లలంతా థీమ్ పార్కుకి వెళ్తున్నారు, తోడుగా నేనూ వెళ్తున్నా. ఆ పార్కు మెనూలో కొన్నింటి పక్కన ‘గ్లూటెన్ ఫ్రీ’ అని పచ్చటి ఆకు బొమ్మ పెట్టారు. అందులో ఫ్రైస్ కూడా ఉన్నాయి.

నేను డబ్బా సర్దుతానంటున్నా. మా ఆయన ససేమిరా అంటున్నారు. ‘‘పిల్లలంతా ట్రేలు పట్టుకుని వరసగా కూర్చుంటే వీడొక్కడూ డబ్బా మూత తీయాలా? ఆకు పెట్టారంటే బాధ్యత తీసుకున్నట్టేగా’’ అంటారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే రగడ. మీరేమంటారు? డాక్టర్ని అడగమని మాత్రం అనకండి. అడిగాను. ‘‘జాగ్రత్తగా ఉండండమ్మా’’ అన్నారు.

మూకుడు మామ

డబ్బా. రెండో మాట లేదు.

ఒక పార్కు వంటగదిలో నాలుగు సీజన్లు పనిచేశాను, పేరెందుకులెండి. మా దగ్గర రెండు ఫ్రయర్లు. ఒకదానికి పచ్చ టేపు అంటించి ఉండేది, ఒట్టి బంగాళాదుంపలకే అని. పొద్దున పదింటికి వచ్చి చూస్తే ఆ టేపు చెప్పేది అక్షరాలా నిజం. పన్నెండున్నరకి ఊరేగింపు అయిపోతుంది, జనం ఒక్కసారిగా కౌంటర్ మీద పడతారు. గోధుమపిండి పట్టించిన చికెన్ వేగే ఫ్రయర్ దగ్గర ఆర్డర్లు పేరుకుపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు, చాలావరకు చేరి వారం కూడా కాని కుర్రాడు, అదే పిండి పట్టించిన ఉల్లి చక్రాల బుట్ట పట్టుకొచ్చి పచ్చ టేపు నూనెలో దించేస్తాడు. వాణ్ణి తిట్టలేను. వెనక నుంచి ‘‘ఇంకెంతసేపు’’ అని కేకలు. నేనే ఒకసారి చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఆ నూనె మధ్యాహ్నం మార్చరు. సాయంత్రం ఐదింటికి వచ్చిన పిల్లాడికి కూడా అందులో వేగినవే. మరిగే నూనెలో గ్లూటెన్ మాడి పోతుందనుకుంటారు కొందరు. పోదు.

గీతలచొక్కా

మామగారూ, మీరు పనిచేసిన చోటు మాటే అన్ని చోట్లకీ అంటించేస్తే ఎలా?

ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ సంగతి చూడండి. ఎలర్జీ ఉన్నవాళ్లకి విడిగా మెనూలు ఉంటాయి. అడిగితే వంటగది నుంచి షెఫ్ గానీ, విషయం తెలిసిన మనిషి గానీ బయటికొచ్చి మాట్లాడతారు. అక్కడ కూడా ‘‘పూర్తి హామీ ఇవ్వలేం’’ అనే రాస్తారు, ఒప్పుకుంటాను. కానీ అడిగితే నిజం చెప్పే ఏర్పాటు ఉంది. యూరప్‌లో అయితే 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఏది ఉన్నా, ప్యాకెట్ లేకుండా వడ్డించే తిండికి సైతం, చెప్పి తీరాలని 2014 డిసెంబరు నుంచి చట్టం. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఆ 14లో ఉన్నాయి.

నా అసలు బాధ వేరు. మనమంతా డబ్బాలు పట్టుకుపోతే ఏ పార్కు యజమాని రెండో ఫ్రయర్ కొంటాడు? ‘‘అడిగేవాళ్లే లేరు’’ అంటాడు. అడిగి, కొని, తిని, తేడా వస్తే నిలదీస్తేనే కదా వాళ్లు మారేది.

మూకుడు మామ

నిలదీయడానికి ఆ ఎనిమిదేళ్ల పేగేనా దొరికింది?

లెక్కల పిచ్చి

ఇద్దరూ కాస్త ఆగండి. కొలిచి చూసినవాళ్లున్నారు.

ముందు హద్దు ఎక్కడుందో చెప్తాను. చాలా దేశాల్లో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ప్యాకెట్ మీద రాయాలంటే 20 పీపీఎం లోపుండాలి, అంటే కిలోకి 20 మిల్లీగ్రాములు. 2007లో వచ్చిన ఇటలీ అధ్యయనంలో సీలియాక్ ఉన్నవాళ్లకి రోజూ 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూణ్ణెల్లు ఇస్తే పేగు గోడ దెబ్బతినడం కనిపించింది. 50 మిల్లీగ్రాములంటే బ్రెడ్ ముక్కలో గిల్లితే వచ్చేంత.

ఇప్పుడు మామగారి ఫ్రయర్. 2021లో అమెరికాలో పది హోటళ్ల నుంచి 20 ఫ్రైస్ ఆర్డర్లు తెచ్చి కొలిచారు. ఆ ఫ్రైస్‌లో గోధుమ లేదు, కాకపోతే గోధుమపిండి పట్టించినవి వేగే నూనెలోనే వేగాయి. ఇరవైలో తొమ్మిదింట్లో గ్లూటెన్ తేలింది, ఐదు 20 పీపీఎం దాటాయి. అంటే నాలుగింట ఒకటి. మామగారు కళ్లారా చూసింది కాగితం మీదా ఉందన్నమాట.

2019లో ఇంకోటి వచ్చింది. జేబులో పట్టే పరికరంతో జనమే హోటళ్లలో పరీక్షించి పంపిన 5,624 ఫలితాలు. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఇచ్చిన వాటిలో 32 శాతంలో గ్లూటెన్ ఉన్నట్టు చూపింది. పిజ్జా, పాస్తా అయితే సగానికి పైనే. ఇది చదివి గుండె పట్టుకోకండి. ఆ పరికరం 20 కంటే తక్కువ ఉన్నా ‘ఉంది’ అనగలదు. పైగా జనం అనుమానం వచ్చినవే ఎక్కువగా పరీక్షిస్తారు కదా. అయినా పిజ్జా మాత్రం నేను ముట్టను.

అన్నీ భయపెట్టేవే కావు. 2020లో వాషింగ్టన్‌లోని పిల్లల ఆసుపత్రి వాళ్లు మామూలు బ్రెడ్ కాల్చిన టోస్టర్‌లోనే గ్లూటెన్ లేని బ్రెడ్ కాల్చి కొలిస్తే 20 దాటలేదు. నేనైతే ఏళ్ల తరబడి వేరే టోస్టర్ మోశాను, ప్రయాణాల్లో కూడా! అదే అధ్యయనంలో, మామూలు పాస్తా ఉడికిన నీళ్లలోనే గ్లూటెన్ లేని పాస్తా ఉడికిస్తే మాత్రం దాటింది. కాబట్టి టోస్టర్ కంటే ఎక్కువ భయపడాల్సింది నూనెకీ నీళ్లకీ.

సందేహాల స్వామి

ఏమీ అనుకోకండి, ఓ మాట అడుగుతా. మా చిన్నప్పుడు ఈ పేరు విన్నామా? ఇప్పుడు ఎవర్ని కదిపినా ‘నాకు గ్లూటెన్ పడదు’. పార్కులో నా ముందున్నావిడ కౌంటర్ దగ్గర పావుగంట నిలబడి బన్ను లేని బర్గర్ చేయించుకుంది. తర్వాత చూస్తే పిల్లాడి చేతిలో బిస్కెట్ లాక్కుని తింటోంది. ఇది రోగమా, సరదానా?

పేగుబంధం

స్వామిగారూ, మీరు వినలేదని అది లేకుండా పోదండి. డికే అనే డచ్ పిల్లల డాక్టర్ 1930ల నుంచే గోధుమ మీద అనుమానపడుతున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో బ్రెడ్ దొరక్క జనం అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్ మళ్లీ వచ్చాక మళ్లీ పడిపోయారు. ఇప్పటి అంచనా ప్రకారం సుమారు నూరు మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు.

ఆ బిస్కెట్ ఆవిడ గురించి మాత్రం మీతో ఏకీభవిస్తున్నా. నాన్నా పులి కథే. ఆవిడ తర్వాత వెళ్లిన నాలాంటి దాన్ని ఆ కౌంటర్ పిల్ల ఏ మొహంతో నమ్ముతుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరికి వాళ్లే గోధుమ మానేసి తర్వాత రక్తపరీక్షకి వెళ్తే సీలియాక్ ఉన్నా దొరక్కపోవచ్చు. తింటూ ఉండగానే చేయించుకోవాల్సిన పరీక్ష అది.

అమ్మగారూ, ఇది మీకు. నేను ఆరేళ్ల వయసు నుంచీ సీలియాక్‌తోనే పెరిగాను, ఇప్పుడు ముప్ఫై నాలుగు. డబ్బా వల్ల నాకెప్పుడూ ఏడుపు రాలేదు. ఏడుపొచ్చింది ఒకేసారి, పార్కులోనే. అమ్మ నన్ను పక్కన నిలబెట్టి మేనేజర్ కోసం చూస్తోంది. మేనేజర్ లోపలికెళ్లి ఎవర్నో పిలిచాడు. ఆ ఎవరో వచ్చి ఒక ఫైలు తిరగేశాడు. నా ప్లేటు వచ్చేసరికి మిగతావాళ్లు తినేసి, చేతులు కడుక్కుని, నీళ్ల రైడ్ క్యూలో ఉన్నారు. నా ఒక్కదాని కోసం టీచర్ బల్ల దగ్గర కాపలా. మెనూ నమ్మినందుకు దొరికింది అదీ! అందరితో పాటు మొదలుపెట్టి అందరితో పాటు లేవడమే పిల్లలకి కావాల్సింది. డబ్బా అయితే టక్కున మూత తీయొచ్చు.

కౌంటర్‌లో ఖాళీ ట్రే అడగండి, ఇస్తారు. డబ్బాలోది ఆ ట్రేలోకి మార్చండి. బల్ల చివర నుంచి చూస్తే ఎవరికీ తేడా తెలియదు.

గీతలచొక్కా

ట్రే సంగతి బాగుంది. నా పంతం కాస్త సడలిందని ఒప్పుకుంటా, పూర్తిగా కాదు.

ఎర్రసంచి

మీరంతా డబ్బా అంటున్నారు సరే, గేటు దాటనివ్వాలిగా! చాలా పార్కులు బయటి తిండి రానివ్వవు. జబ్బు వల్ల కావాల్సిన తిండికి చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది, కానీ ఆ మాట గేటు దగ్గర సంచి వెతికే మనిషికి తెలియాలి. డాక్టర్ దగ్గర రెండు లైన్లు రాయించుకోండి, ‘జాగ్రత్తగా ఉండండి’ కంటే అది పనికొస్తుంది. ముందుగా పార్కుకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ఫోన్‌లో దాచుకోండి.

ఇది కోర్టు దాకా వెళ్లిన విషయమే. అమెరికాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అని పాతకాలపు పట్నాన్ని అలాగే నిలబెట్టిన చోటు ఉంది. 2017లో బడి పిల్లలతో వెళ్లిన 11 ఏళ్ల బాబు, తండ్రి తోడున్నాడు, అక్కడి హోటల్లో ఇంటి నుంచి తెచ్చుకున్నది తినబోతే లోపల కుదరదన్నారు. మేమే గ్లూటెన్ లేకుండా వండి పెడతాం అన్నారు. వాళ్లు నమ్మలేదు, బయటికెళ్లి తిన్నారు. కింది కోర్టు హోటల్ వైపే తేల్చింది. 2019లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసి, హోటల్ వండిపెట్టేది ఆ పిల్లాడికి సరిపోతుందా లేదా అన్నది జ్యూరీ తేల్చాల్సిన విషయం అంది. అంటే మన రగడే! ‘మేం వండుతాం’ అన్నంత మాత్రాన డబ్బా అక్కర్లేదని తేలిపోదన్నమాట.

సందేహాల స్వామి

హోటల్ వాడి వైపు నుంచి కూడా చూడండి. ఇవాళ ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరూ చాపలేసుకుని కూర్చుంటారు.

ఎర్రసంచి

అందుకే కాగితం అన్నది, స్వామీ.

మూకుడు మామ

పిల్లాడి చేతికి అక్కడిది ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే, వంటగదిలో ఉన్నవాడిగా చెప్తున్నా, ‘‘ఇది గ్లూటెన్ ఫ్రీయేనా’’ అని అడగకండి. ‘‘అవునండీ’’ అనేస్తారు, మెనూలో ఆకు ఉంది కాబట్టి. ‘‘ఈ నూనెలో ఇంకేం వేయిస్తారు’’ అని అడగండి. అప్పుడు అవతలి మనిషి ఆలోచిస్తాడు. తలతిప్పి వెనక్కి చూస్తే సగం జవాబు దొరికినట్టే. ఫ్రైస్ ప్యాకెట్ కూడా చూపించమనండి, కరకరలాడటానికి కొన్నింటికి పైన గోధుమపిండి పూత ఉంటుంది.

పదకొండుకి ముందు వెళ్లండి. అప్పుడు మాకు మాట్లాడే తీరిక ఉంటుంది.

ఐస్‌క్రీమ్ అయితే కప్పులోనే, కోన్ వద్దు. బిస్కెట్ ముక్కలున్న రకంలో ముంచిన గరిటెతోనే వెనిలా తీస్తారు, కాబట్టి కొత్త డబ్బా తెరిచి, కడిగిన గరిటెతో తీయమనండి. చేతికి శానిటైజర్ రాస్తే గ్లూటెన్ పోదు, సబ్బుతో కడగాల్సిందే. పిల్లలు రైడ్ కమ్మీలు పట్టుకున్న చేత్తోనే తింటారు, వాటి మీద పది మంది బిస్కెట్ పొడి ఉంటుంది.

పేగుబంధం

పీచుమిఠాయి మరిచిపోయారు మామా! ఒట్టి చక్కెర, రంగు, వాసన. అక్కడికక్కడే తిప్పి పుల్లకి చుట్టిచ్చే బండి దగ్గర ఇంకేమీ అమ్మకపోతే నేను ధైర్యంగా తింటాను. చిన్నప్పుడు క్లాసు ఫొటోలో నా మొహం కనిపించదు, గులాబీ రంగు మబ్బు ఒకటి కనిపిస్తుంది.

గీతలచొక్కా

అమ్మగారూ, డబ్బా పట్టుకెళ్లినా సరే, ఒక పని చేయండి. వచ్చాక పార్కుకి రాయండి, ‘మీ ఆకు గుర్తును నమ్మలేక ఇంటి తిండి తెచ్చుకున్నాం, కారణం ఇదీ’ అని. అప్పుడు ‘‘అడిగేవాళ్లే లేరు’’ అనడానికి వాళ్లకి వీలుండదు.

నిద్రలేని అమ్మ

అందరికీ దండాలు. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. పచ్చ టేపు దగ్గర ఏమీ మాట్లాడలేదు, ట్రే దగ్గర ‘‘అదేదో బాగుంది’’ అన్నారు. తర్వాత మావాణ్ణే పిలిచి అడిగాం. ఇంతకాలం వాణ్ణి అడగాలనే తట్టలేదు, చూడండి! ‘‘డబ్బా అయితే క్యూలో నిలబడక్కర్లేదు కదా, ఇంకో రైడ్ ఎక్కొచ్చు’’ అన్నాడు. పీచుమిఠాయి మాత్రం పెద్దది కావాలట.

పార్కుకి మెయిల్ పెట్టాను. డాక్టర్ కాగితం రేపు. గీతలచొక్కా గారూ, ఉత్తరం కూడా రాస్తాను, ఒట్టు.

ఒక్క సందేహం. పొద్దున ఏడింటికి సర్దితే ఒంటిగంట దాకా ఎండలో పాడవకుండా ఎలా? సంచిలో ఐస్ వేసుకెళ్లొచ్చా?

ఎర్రసంచి

విడి ఐస్ వద్దండి, డిస్నీ వరల్డ్ లాంటి చోట్ల గేటు దగ్గరే పారబోయిస్తారు. గట్టిగా గడ్డకట్టే ఐస్ ప్యాక్‌లు రెండు తీసుకోండి, ఒకటి కిందా ఒకటి పైనా. గాజు సీసాలు వద్దు. లాకర్లో పెట్టేటట్టయితే అది నీడలో ఉందో లేదో ముందే చూసుకోండి, మాది ఎండలో ఉండి పెరుగు పులిసిపోయింది.