అప్‌డేట్: చాసర్ ‘మైస్ట్రీ’ చిక్కు వీడింది

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీష్ కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతంలో ఒక క్రైస్తవ సన్యాసి గురించి ‘ఫేర్ ఫర్ ది మైస్ట్రీ’ అన్నాడు, ‘మైస్ట్రీ’కి ‘పెత్తనం’ అనే అర్థం అక్కడ కుదరడం లేదని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మిడిల్ ఇంగ్లీష్ (చాసర్ కాలం నాటి ఇంగ్లీష్) నిఘంటువు చూడమన్న సలహాతోనే తేలింది. అక్కడది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన నుడికారం: ‘అందర్నీ మించి’ అని. అదే పుస్తకంలో వైఫ్ ఆఫ్ బాత్ అనే ఆవిడ చెప్పే కథలో మాత్రం అచ్చంగా భర్త మీద పెత్తనమే. ఇంకోచోట ‘నో మైస్ట్రీ’ అంటే అదేం ఘనకార్యం కాదని!

స్పెల్లింగ్ చివర ‘ఐఈ’, ‘వైఈ’ తేడా చూసి రెండు వేరే పదాలేమోనని టెన్షన్ పడ్డాను. దానికీ అర్థానికీ సంబంధం లేదు. మన మేస్త్రీకి చుట్టమా అన్నవారికి: అవును, మేస్త్రీ పోర్చుగీసు ‘మెస్త్రె’ ద్వారా వచ్చింది, రెండింటికీ మూలం లాటిన్‌లోనే.

సన్యాసి గురించిన ఆ లైనును ఇప్పుడు ‘సన్యాసుల్లో మేటి’ అని రాసుకున్నాను.